వరసింట్లో ఒక వాటా: పొందూరు దగ్గర పల్లెలో ఇల్లు, పొలం పనుల డైరీ

2023 నవంబరు 19, ఆదివారం

ఊళ్ళో అద్దెకు తీసుకున్న గదికి ఇవాళ్టితో నెల నిండింది. పొందూరు స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే ఇరవై నిమిషాల దారి. మా అమ్మ పుట్టిన ఊరు. ఇందులో ఇరుగుపొరుగు వాళ్ళ సంగతులు కూడా రాయాలి కాబట్టి ఊరి పేరు రాయను. విశాఖలో ఉద్యోగం మానేశాక మిగతా రోజులు ఇక్కడే గడపాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. అయితే చిన్నప్పుడు వేసవి సెలవుల్లో చూసిన ఊరు వేరు, రోజూ నీళ్ళు పట్టుకుని, పాలు పోయించుకుని, జ్వరమొస్తే మందుకి పరుగెత్తే ఊరు వేరు. అందుకే కొనే మాట ఎత్తకుండా ముందు నెల రోజులు ఉండి చూశాం.

కుళాయి పొద్దున గంటసేపు వస్తుంది. రాత్రి ఎనిమిది దాటితే ఆటో దొరకదు, తెలిసిన ఆటో అబ్బాయి ఫోన్ నంబరు దగ్గరుండాలి. పెద్ద జబ్బయితే శ్రీకాకుళమే. పగలు వీధిలో ముసలివాళ్ళు, బడిపిల్లలు తప్ప వయసువాళ్ళు తక్కువ. చెన్నై, హైదరాబాదు, విశాఖల్లో కట్టుబడి పనుల్లో ఉన్నారు. ఊరు నిండేది సంక్రాంతికి, అమ్మవారి పండక్కి. మేస్త్రి కావాలంటే ఆ రోజులు చూసుకుని పని పెట్టుకోవాలి.

ఒక వరసలో ఖాళీగా ఉన్న వాటా చూశాం. మా ప్రాంతం తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఇక్కడ పాత ఇళ్ళు విడివిడిగా ఉండవు. వీధికి అటూ ఇటూ రైలుపెట్టెల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. రెండిళ్ళకీ మధ్య ఒకటే మట్టిగోడ. కప్పు కూడా వరసంతా ఒకటే. ఒక్కో వాటా వెడల్పు పన్నెండు నుంచి పదిహేను అడుగులు. ముందు వీధరుగు, వసారా, నడిమిల్లు, వెనక వసారా, తర్వాత కొంచెం ఖాళీ, వంటిల్లు, ఆ వెనక పొడుగాటి పెరడు. మేం చూసిన వాటా వెడల్పు 14 అడుగులు. నాటు పెంకుల కప్పు. ఎనిమిదేళ్ళుగా తాళం.

2023 డిసెంబరు 6, బుధవారం

నిన్న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంత దూరమైనా మాకూ ముసురు పట్టింది. కోసి పనల మీద ఉన్న వరి తడిసింది. కుప్పలు వేసినవాళ్ళు బరకాలు కప్పుకుని కాపలా ఉన్నారు. ఊరంతా ఆ దిగుల్లో ఉండగా మేం ఇల్లు చూడ్డానికి వెళ్ళాలా అని మొహమాటపడ్డాం. కానీ పాత ఇల్లు కొనేవాళ్ళు వానలోనే చూడాలని నా గట్టి నమ్మకం. తాళం తీయించి గంటసేపు లోపల నిలబడ్డాం.

నడిమింట్లో నాలుగు చోట్ల కారుతోంది. అది పెద్ద సంగతి కాదు, పెంకు మారిస్తే పోతుంది. తూర్పు గోడే నన్ను భయపెట్టింది. తూర్పు పక్క వాటా వాళ్ళు తమ పెంకుటిల్లు పడగొట్టి స్లాబు ఇల్లు కట్టుకున్నారు. అంతవరకూ రెండిళ్ళ మధ్య ఎండా వానా ఎరగకుండా ఉన్న మట్టిగోడ ఒక్కసారిగా బయటపడింది. వాళ్ళు నేల కూడా రెండడుగులకు పైగా ఎత్తు చేసుకున్నారు. స్లాబు మీద నీళ్ళ గొట్టం సరిగ్గా మా వైపే ఉంది. ఎవరి స్థలంలో వాళ్ళు ఇల్లు కట్టుకున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ వరసలో ఒకరు లేచి వెళ్ళిపోతే పక్కవాడి వీపు తడుస్తుంది.

పడమటింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. ఊరి వరస ప్రకారం నాకు అత్త. అమ్మ పుట్టిల్లు కాబట్టి ఇక్కడ మగవాళ్ళంతా మావయ్యలు, బావలు, మరదులే. అత్త ఒకప్పుడు పొందూరు ఖాదీకి నూలు వడికేది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకడం ఎలాగో చేతులతో చూపించింది. చూపు తగ్గాక మానేసింది. "కోడలా, ఈ ఇల్లు కొంటావేటి? కొను. రేత్రి పక్కింట్లో దీపం నేక ఎనిమిదేళ్ళయినాది" అంది.

2024 జనవరి 16, కనుమ

అమ్మేవాళ్ళందరూ పండక్కి ఊళ్ళో ఉన్నారని ఇవాళే మాట్లాడాం. తండ్రి పోయారు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. ఇంటికి 5 లక్షల 20 వేలు. చెరువు కింద ఉన్న పొలం, పాత కాగితాల్లో 38 సెంట్లు, సెంటు 15 వేల చొప్పున.

ధర దగ్గర పేచీ రాలేదు. ఆడపడుచుల దగ్గర వచ్చింది. "వాళ్ళకి పెళ్ళిళ్ళు చేసి పంపించేశాం, సంతకం పెట్టమంటే పెడతారు" అన్నాడు పెద్దాయన. సంతకం ఒక్కటే సరిపోదని, వాళ్ళ వాటా డబ్బు వాళ్ళ పేర చెక్కుగానే ఇస్తానని చెప్పాను. వీలునామా లేకుండా తండ్రి పోతే ఆయన వాటాలో కూతుళ్ళూ వారసులేనని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు మన రాష్ట్రంలో అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు 1985 నుంచే ఉంది. 2005లో దేశమంతా వచ్చింది. వాళ్ళ సంతకం లేకుండా కొంటే కొన్నవాళ్ళం మేమే రేపు కోర్టు చుట్టూ తిరగాలి.

చట్టం సంగతి అలా ఉంచితే నాకు ఇంకో కారణం ఉంది. మా మావయ్యలు ఇదే వీధిలో ఇల్లు అమ్మినప్పుడు అమ్మని పిలిపించి సంతకం పెట్టించుకున్నారు. చీర పెట్టి పంపించారు. అమ్మ ఎప్పుడూ నిష్ఠూరంగా మాట్లాడలేదు. ఆ చీర మాత్రం కట్టలేదు, మడత విప్పకుండా పెట్టెలోనే ఉంది. నేను ఇదే వీధిలో ఇల్లు కొంటూ మరో ఇద్దరు ఆడపిల్లల చేత అలాగే సంతకం పెట్టించలేను. మధ్యాహ్నం దాకా గొడవయింది. చివరికి బరంపురం నుంచి వచ్చిన చిన్న కూతురే "మాకు సమానంగా వద్దు, ఎంతో కొంత మా చేతికి రానీండి" అంది. అన్నదమ్ములు తల వంచుకున్నారు. వాటా ఎంతన్నది నలుగురూ కూర్చుని తేల్చుకున్నారు, అందులో మేం తలదూర్చలేదు. నాలుగు చెక్కులు నాలుగు పేర్ల మీద, అంతే.

2024 ఫిబ్రవరి 22

నెలంతా కాగితాలే. ఊళ్ళో ఆస్తి కొనేవాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు ఇల్లు. ఇది గ్రామకంఠంలో ఉంది. అంటే ఊరు కాపురమున్న స్థలం. దీనికి పొలానికి ఉన్నట్టు అడంగల్ (ఎవరు ఏ పంట వేస్తున్నారో చెప్పే లెక్క), 1బీ (భూమి ఎవరి పేర ఉందో చెప్పే కాగితం) ఉండవు. సర్వే పటంలో గ్రామకంఠం మొత్తం ఒకే ముద్ద, ఎవరి వాటా ఎంతో అందులో గీతలు లేవు. 2020లో మొదలైన స్వామిత్వ పథకం డ్రోన్లతో ఊళ్ళు కొలుస్తున్నది ఈ లోటు తీర్చడానికే. మాకు దొరికినవి ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు, తాతల నాటి ఒక భాగపంపకాల కాగితం. ఆ కాగితంలో కొలతలు లేవు. తూర్పు ఫలానా వారి ఇల్లు, పడమర ఫలానా వారి ఇల్లు, ఉత్తరం రాజవీధి, దక్షిణం కళ్ళం దారి. హద్దులంటే మనుషుల పేర్లే. ఆ పేర్లున్న వాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

అందుకని ఊళ్ళో ముగ్గురు పెద్దవాళ్ళని కూర్చోబెట్టి ఆ పేర్లు ఇప్పటి ఏ ఇంటివో అడిగి రాసుకున్నాను. పెరడు చివరికి తీసుకెళ్ళారు. అక్కడ నూతి పక్కన ఒక రాయి పాతి ఉంది. నుయ్యి మూడు వాటాలదీ. పడమటింటి వాళ్ళకి మన పెరట్లోంచి నూతికి నడిచే హక్కు ఉందని, మన గేదె వాళ్ళ కళ్ళం దారిన వెళ్ళొచ్చని చెప్పారు. ఇవి ఏ కాగితంలోనూ లేవు. మా దస్తావేజులో రాయించాలని నిశ్చయించుకున్నాను.

పొలం కాస్త సులువు. మీభూమిలో, అంటే ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటులో, అడంగల్, 1బీ తీశాం. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, 1983 నుంచి కంప్యూటర్లో దొరుకుతుంది, అంతకు ముందువి కావాలంటే రిజిస్ట్రారు ఆఫీసులో పుస్తకాలు వెతికించుకోవాలి. నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద ఉన్న భూముల్లో, ఈ నంబరు లేదని చూసుకున్నాం. మా జిల్లాల్లో ఇది తప్పనిసరి. చాలా ఊళ్ళు ఒకప్పుడు జమీందారీలవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత పట్టాలు వచ్చినవి కొన్ని, ఈనాములుగా మిగిలినవి కొన్ని, చెరువు గర్భం అని రాసి ఉండి సాగులో ఉన్నవి కొన్ని. పైకి చూస్తే అన్నీ ఒకేలాంటి మళ్ళే. డి-పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకిచ్చినది, తక్కువకి వస్తుందని ఆశపెట్టేవాళ్ళూ ఉంటారు. సీతంపేట వైపు కొండ దిగువన అందమైన స్థలాలు చూపిస్తారు. అది ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతం, 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులు కొనకూడదు. కొనాలని అనుకోనూ కూడదు, అది వాళ్ళ నేల.

పాత పాస్‌బుక్కులో 38 సెంట్లు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో ఈ ఊరూ కొలిచారు. కొత్త పటంలో 36 సెంట్లే. గట్టు వెంబడి సర్వేయరు చేత మళ్ళీ కొలిపించాం, 36 సరిపోయింది. కొలిచిన దానికే డబ్బు.

2024 మార్చి 14

రిజిస్ట్రేషన్ అయింది. ఇల్లు, పొలం కలిపి 10 లక్షల 60 వేలు, ఇచ్చిన ధరే రాయించాం. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. 79,500 రూపాయలు. అక్కచెల్లెళ్ళు ఇద్దరూ వచ్చారు. పెద్దావిడ చెక్కు మీద తన పేరు రెండుసార్లు చదువుకుంది.

2024 ఏప్రిల్ 11

సోమవారం కొత్త అమావాస్య, మంగళవారం ఉగాది. మా వైపు కొత్త అమావాస్య ఉగాది కంటే పెద్ద పండగ. మేస్త్రి చెన్నై నుంచి వచ్చాడు, ఎన్నికల దాకా ఇక్కడే ఉంటానన్నాడు. వరసకి మరిది. పదిహేనేళ్ళుగా అపార్టుమెంట్లు కట్టే మనిషి, చిన్నప్పుడు వాళ్ళ నాన్న వెనకాల పెంకుటిళ్ళ మీద ఎక్కి పెరిగాడు. మట్టిగోడ పని చెయ్యగలవా అంటే, "మా అయ్య సేసిందే కదా వదినా, సేతికి గుర్తుంటాది" అన్నాడు.

ఇవాళ పెంకు దించడం మొదలైంది. మొత్తం ఆరువేలకు పైన ఉన్నాయి. ఒక్కొక్కటీ వేలితో మీటి చూశాడు. కంగుమన్నవి ఒక పక్క, బొంగురుగా మోగినవి ఇంకో పక్క. నాలుగు వేల చిల్లర పనికొచ్చాయి. కోతుల మందలు కప్పుల మీద గెంతడం వల్లే ఎక్కువ పగిలాయట. నాటు పెంకు చేసే కుమ్మరులు ఈ చుట్టుపక్కల లేరు. పాత ఇల్లు పడగొట్టి స్లాబు వేసుకునేవాళ్ళ దగ్గర కొనుక్కోవాలి. అలా రెండు ఊళ్ళు తిరిగి పదిహేను వందలు పోగేశాం.

2024 ఏప్రిల్ 14, ఆదివారం

పని ఆగింది. ఎందుకాగిందో సరిగ్గా రాయాలి, ఎందుకంటే ఈ ఇంటి గురించి నాకు నిజంగా అర్థమైంది ఇవాళే.

పెంకులు, బద్దలు తీశాక వాసాలు బయటపడ్డాయి. వాసాలు చాలామటుకు గట్టిగానే ఉన్నాయి. కప్పు నడినెత్తిన ఉండే వెన్ను దూలం తూర్పు చివర చేత్తో నొక్కితే పిండిలా రాలింది. స్లాబు వైపు నుంచి తడి పట్టి, చెద తినేసింది. తాటి దూలం. తాటిచెట్టుకి చేవ బయటి అంచున ఉంటుంది, లోపల మెత్తన. అంచు తినేస్తే ఇక దూలంలో బలం లేనట్టే. మార్చాలి, తప్పదు.

నేను అనుకున్నది ఏమిటంటే మా రెండు గోడల మధ్య ఉన్నంత మేర దూలం కోసి కొత్తది పెడితే చాలని. మరిది నిట్రాడు (దూలం మోసే స్తంభం) పక్కన నిచ్చెన వేసి ఎక్కి, పడమటి గోడ మీదుగా టార్చి వేసి చూసి దిగాడు. "వదినా, ఈ దూలం మన గోడ కాడ ఆగనేదు. అత్త ఇంట్లోకి మూడడుగులు పోయి అక్కడ అతుకు పడింది. గోడ కాడ కోసేత్తే అత్త కప్పు కూర్చుంటాది" అన్నాడు.

అత్తను పిలిచాం. ఆవిడ పైకి చూడకుండానే చెప్పింది. "మీ తాత తమ్ముడూ, మా మావా ఒక్క రోజే ఎత్తినారు. రెండు తాడిసెట్లు. ఒకటి మాది, ఒకటి మీది. అతుకు మా ఇంట్లో ఎట్టినారు, మీ ఇంట్లో నిట్రాడు ఎట్టినారు." అంటే మా ఇంటి దూలం చివర ఆమె ఇంట్లో ఉంది. ఆమె దూలం బరువు మా నిట్రాడు మీద ఉంది. నేను రిజిస్ట్రేషన్ చేయించుకున్న ఇంట్లో మూడడుగులు పక్కింట్లో ఉన్నాయి.

మా ఆయన రెండో దారి చెప్పారు: ఇనప గొట్టం దూలం వేసి, మా కప్పు విడిగా చేసుకుందామని. ఖర్చు తక్కువ, వారంలో అయిపోతుంది. చెన్నైలో అయితే తనూ అలాగే చేస్తానన్నాడు మరిది. నేను ఒప్పుకోలేదు. తూర్పు వాటా వాళ్ళు విడిపోతే మా గోడకి ఏమైందో కళ్ళారా చూశాను. మేం విడిపోతే అత్త గోడకీ అదే అవుతుంది. ఆవిడకి బాగుచేయించుకునే శక్తి లేదు. రెండు కప్పులూ విప్పి, అతుకు దాకా కొత్త దూలం వేసి, రెండింటికీ పెంకు నేయిద్దాం, ఖర్చు మాదే అన్నాను. రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాక మా ఆయన సరేనన్నారు.

2024 ఏప్రిల్ 27

కొత్త తాటి దూలానికి తొమ్మిది రోజులు పట్టింది. వడ్రంగి బావ నాలుగు చెట్లు తిరిగి చూసి, ముదురు చెట్టు ఒకటి ఎంచాడు. కోసిన మొదలు చూపించాడు: అంచున నల్లటి గీతలు ఒత్తుగా ఉంటే చేవదేలినట్టు. చీల్చి, లోపలి మెత్తనంతా చెక్కేశాడు. అత్త ఇంట్లో సామాన్లన్నీ మా వసారాలోకి మార్చాం. ఆవిడ గరిసెలో ధాన్యం, నులక మంచం, దేవుడి పటాలు, నూలు రాట్నం. ఆ పది రోజులూ ఆవిడ మాతోనే తిని, మా దగ్గరే పడుకుంది. పొద్దున్నే చోడి (రాగి) అంబలి కాచి అందరికీ తలో గ్లాసూ ఇచ్చేది.

23 సాయంత్రం ఈదురుగాలి లేచింది. పైన కప్పు లేదు. బరకం తాళ్ళు పట్టుకుని ఏడుగురం నిలబడ్డాం. అందులో ముగ్గురు పిలవకుండా వచ్చినవాళ్ళు. పావుగంట వాన. గోడల నెత్తి మీద తడిసింది గానీ కరగలేదు. ఆ పావుగంట నాకు పడిన టెన్షన్ ఇంతా అంతా కాదు.

2024 మే 20

పెంకు నేయడం అయింది. చూరు దగ్గర రెండు వరసలు, వెన్ను మీద ఒక వరస సున్నంతో అతికించాం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన ఊరు కాబట్టి ఇక్కడ దీని గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. గాలి చూరు కింద దూరి మొదటి పెంకు లేపిందంటే మిగతావి వరసగా లేస్తాయి.

గోడల పని నడుస్తోంది. ఎప్పుడో ఎవరో లోపలి గోడకి నడుమెత్తు దాకా సిమెంటు పూశారు. కొడితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది, వెనక మట్టి తడిగా ముద్దగా ఉంది. మట్టిగోడ నేలలో తడి పీల్చి గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ తడిని బయటికి రానివ్వదు, లోపలే కుళ్ళబెడుతుంది. మొత్తం కొట్టేయించాం. చెరువు మట్టి, చిన్న ముక్కలుగా నరికిన వరిగడ్డి, ఊక కలిపి, నీళ్ళు పోసి, రోజూ తొక్కి వారం రోజులు మాగబెట్టాం. తొందరపడి మూడో రోజే పూసిన మొదటి గోడ ఎండకి పగుళ్ళిచ్చింది, గీకేసి మళ్ళీ పూశాం. మాగాక పూసినవి నిలిచాయి. పైన సున్నం.

13న ఎన్నికలు. ఓటు కోసం ఊళ్ళోకి జనం బస్సుల్లో దిగారు. మా వసారాలో కూర్చుని ఎంతమంది పని చూశారో లెక్కలేదు. "మా ఇల్లు కూడా ఇలాగ సేయొచ్చేటి?" అని ఇద్దరు అడిగారు. మరిది 16న చెన్నై వెళ్ళిపోయాడు. మిగతా పూత పని వాళ్ళ నాన్న కూర్చుని చెబుతుంటే ఊళ్ళో ఆడవాళ్ళు ముగ్గురు చేస్తున్నారు. వాళ్ళ చేతుల నునుపు నాకు మేస్త్రి పనికంటే నచ్చింది. అందుకే కూలి కూడా మేస్త్రి కూలే ఇచ్చాను.

2024 జూన్ 18

మరుగుదొడ్డి గుంతలు తవ్వించాం. నూతికి కనీసం పది మీటర్లు దూరం ఉండాలి. పద్నాలుగు అడుగుల వెడల్పు పెరట్లో అది వెతకడమే కష్టం, చివరికి వంటింటి పక్కకే తెచ్చాం.

పొలం సంగతి. 36 సెంట్లు పదకొండేళ్ళుగా ఒక మావయ్య కౌలుకి చేస్తున్నారు. మేం కొన్నాక మానిపించేస్తామని అనుకున్నారట. అదే కౌలుకి ఉంచాం. పంట సాగుదారు హక్కుల కార్డు కోసం సంతకం పెడతానంటే ఆయనే ఆశ్చర్యపోయారు. "సంతకం ఎట్టేత్తే రేపు పొలం నాదంటానని బయం నేదేటమ్మా?" 2019 చట్టం కింద ఆ కార్డు పదకొండు నెలలకే. భూమి హక్కు మారదు. తుపానుకి పంట పోతే పరిహారం పండించినవాడి చేతికి రావడానికి అదొక ఆధారం. కార్డు లేకపోతే ఆ డబ్బు నాలాంటి పట్నంలో ఉన్న పట్టాదారు ఖాతాలో పడుతుంది. డిసెంబరులో తడిసిన పనలు చూసినదాన్ని, ఆ డబ్బు నా ఖాతాలో పడితే ముట్టుకోగలనా? సంతకం పెట్టాను. ఈసారి శ్రీకాకుళం సన్నాలు వేస్తానన్నారు. రాగోలు పరిశోధన కేంద్రం వాళ్ళ రకం, ఆర్‌జీఎల్ 2537.

2024 ఆగస్టు 9

దస్తావేజు నకలు తీరిగ్గా చదివితే పడమర హద్దులో 'ఉమ్మడి గోడ' అన్నమాట లేదు. నూతి దారి ఉంది, గోడ లేదు. రాసినాయన మరిచారు, మేం సంతకం పెట్టే తొందరలో చూసుకోలేదు. సవరణ దస్తావేజు రాయించాలి. దానికి అమ్మినవాళ్ళు మళ్ళీ రావాలి. ఒకతను చెన్నైలో, ఒకావిడ బరంపురంలో. దసరాకి కుదిరింది. చిత్తుప్రతి ఇంటికి తెచ్చుకుని, హద్దుల్లో ఉన్న ఇంటివాళ్ళకే చదివి వినిపించాకే సంతకానికి వెళ్ళాలి. ఈసారి అత్తకి చదివి వినిపిస్తాను.

2024 సెప్టెంబరు 10

వినాయక చవితికి వచ్చి చిక్కుకుపోయాం. వాయుగుండం నిన్న ఒడిశాలో తీరం దాటింది. రెండు రోజులు ఎడతెరిపి లేని వాన. గెడ్డ (వాగు) పొంగి ఊరి దారి మీదుగా పారింది.

కొత్త కప్పు ఒక్క చోటా కారలేదు. రాత్రంతా చెంబులు పెట్టుకుని కూర్చున్నాను, ఒక్కటీ అక్కరకు రాలేదు. కానీ తూర్పు గోడ బయటి వైపు నాలుగడుగుల మేర పూత జారి కూలింది. నేను భయపడిందే జరిగింది. స్లాబు గొట్టం నీళ్ళు ధారగా గోడ మొదట్లో పడ్డాయి. రాతి పునాది అడుగున్నర ఎత్తు ఉండబట్టి గోడ నిలిచింది.

తూర్పింటి బావ హైదరాబాదులో ఉంటారు. ఫోన్లో ఫొటో పంపాను. తప్పు పట్టినట్టు ఉండకూడదని మాట రెండుసార్లు మనసులో అనుకుని మరీ మాట్లాడాను. ఆయనకి అసలు ఆ గొట్టం ఎటు ఉందో తెలియదు. కట్టిన కాంట్రాక్టరు పెట్టాడు, అంతే. గొట్టం వీధి కాలవలోకి తిప్పడానికి వెంటనే ఒప్పుకున్నారు, ఖర్చు చెరిసగం.

కష్టమైంది రెండోది. గోడకి వాన తగలకుండా మా కప్పు తూర్పు వైపు రెండడుగులు ముందుకు పెంచాలి. ఆ రెండడుగుల చూరు ఆయన స్థలం మీదకి వస్తుంది. కింద నేల ఆయనది, పైన పెంకు మాది. ఈ మాట ఫోన్లో తేలదని పండక్కి వచ్చినప్పుడు మాట్లాడదామన్నాను. ఈ లోపు జారిన చోట తాటాకు తడిక కట్టాం.

2024 డిసెంబరు 8

దసరాకి సవరణ దస్తావేజు అయింది. గొట్టం తిరిగింది. పొలం కోత పూర్తయింది. కోతకి ముందు చేలో చల్లిన మినుములు మొలకెత్తాయి. మావయ్య కౌలు బస్తాలు తెచ్చి అరుగు మీద దింపి, తూకం చూసుకోమన్నారు.

2025 జనవరి 15, కనుమ

తూర్పింటి బావ వచ్చారు. టేపు పట్టుకుని ఇద్దరం కలిసి కొలిచాం. చూరు రెండడుగులు అక్కర్లేదు, అడుగున్నర చాలని పెద్ద మేస్త్రి, అంటే మరిది వాళ్ళ నాన్న, చెప్పారు. బావ తెల్ల కాగితం మీద తనే రాశారు: చూరు నీరు తన స్థలంలో పడినా అభ్యంతరం లేదని, తను ఎప్పుడైనా అక్కడ గోడ కట్టుకుంటే మేం చూరు వెనక్కి తీసుకోవాలని. ఆ రెండో మాట న్యాయమైనదే, నేనూ సంతకం పెట్టాను. అత్త సాక్షి సంతకం పెట్టింది. పెట్టే ముందు మొత్తం రెండుసార్లు చదివించుకుంది.

మరిది కూడా వచ్చాడు. ఆ చూరుకీ, వంటింటి కప్పుకీ కలిపి ఇంకా పన్నెండు వందల పెంకులు కావాలి. రెండు ఊళ్ళ అవతల ఒక వరసలో ఇల్లు పడగొడుతున్నారట, పెంకులు ఇస్తామన్నారు. శుక్రవారానికి ట్రాక్టరు మాట్లాడాం. మరిది రేపే బండి మీద వెళ్ళి చూసొస్తానన్నాడు. పెంకులు లెక్కపెట్టే ముందు పైకి ఎక్కి, ఆ ఇంటి వెన్ను దూలం ఏ పక్కింట్లోకి పోయిందో చూసి, పడగొట్టేవాళ్ళకి చెప్పి రమ్మన్నాను.